నత్తితోనే మాట్లాడినవాళ్ళు

ఊళ్ళో నన్ను నత్తి డాక్టరమ్మ అంటారు. నేను డాక్టర్ని కాను, స్పీచ్ థెరపిస్టుని. రాజమండ్రిలో ఒక ట్రస్టు ఆసుపత్రిలో, చెవి ముక్కు గొంతు విభాగం చివర, ఇంజక్షన్ల గది పక్కనున్న చిన్న గదిలో ముప్పై ఏళ్ళకి పైగా కూర్చున్నాను. మొదట్లో వచ్చినవాళ్ళందరికీ "నేను డాక్టర్ని కాదండీ" అని చెప్పేదాన్ని. "అలాగేనండి డాక్టరమ్మగారూ" అనేవారు. కొన్నాళ్ళకి విసుగొచ్చి చెప్పడం మానేశాను.

ఈ మధ్య స్పీచ్ థెరపీ కోర్సు చదువుతున్న పిల్లలు ముగ్గురు ఇంటికొచ్చి, "మేడమ్, మీ అనుభవాలు రాయండి, మాకు పనికొస్తాయి" అన్నారు. ఎప్పుడు చేరాను, ఎప్పుడు సీనియర్నయ్యాను, ఎవరు సన్మానం చేశారు, అవన్నీ ఎందుకు? శాలువాలు బీరువాలో ఉన్నాయి. నేను ఉద్యోగంలో చాలాకాలం ఒక తప్పు చేశాను. దాన్ని నాకు చూపించినవాళ్ళు ఇద్దరు. ఒకాయన సినిమా నటుడు, ఇంకొకరు నా పేషెంటే, ఒక అమ్మాయి. ఆ ఇద్దరి గురించి రాస్తాను. వాళ్ళని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఛాతీ ఉప్పొంగుతుంది.

గట్టి మజ్జిగ

నత్తి ఉన్నవాళ్ళు మన దగ్గరికి తిన్నగా రారు. ముందు వసకొమ్ము అరగదీసి నాలిక్కి రాస్తారు. గులకరాళ్ళు నోట్లో పెట్టి చదివిస్తారు. తాయెత్తు కడతారు. భయంవల్ల వచ్చిందని ఎవరో చెబితే, ఆ భయం పోవాలని పిల్లాడి చెంప పగలగొట్టిన తండ్రిని నేను చూశాను. అన్నీ అయ్యాక, పెళ్ళిచూపులో ఉద్యోగమో దగ్గరపడ్డాక, నా గదికి వచ్చేవారు. వచ్చి అడిగేది ఒకటే: "నలుగుర్లో తెలియకుండా ఉంటే చాలండి."

సరేనని నేను తెలియకుండా ఉండటమే నేర్పాను. మొదటి ఉపాయం, రాని మాటని వదిలేసి ఇంకో మాట వాడటం. 'ప' దగ్గర ఆగిపోయేవాడు పెరుగు అనడు, "గట్టి మజ్జిగ వెయ్యండి" అంటాడు. ఒకాయన కడియపులంకలో నర్సరీ నడిపేవాడు. బస్సులో ఆ ఊరిపేరు నోట రాదు. రోజూ రావులపాలెం టిక్కెట్టు తీసుకుని దారిలో దిగిపోయేవాడు. నేను దాన్ని తెలివి అనుకున్నాను. మిగతా పేషెంట్లకి ఆయన్ని ఉదాహరణగా చెప్పాను కూడా!

రెండో ఉపాయం పూర్తిగా నా సొంతం. మన జిల్లాల్లో మాటకి ముందూ వెనకా అండీలు ఎన్ని తగిలించినా ఎవరూ లెక్కచెయ్యరు కదా. అందుకని, కష్టమైన మాట వచ్చేముందు "అదేనండీ... మరేనండీ..." అని కొంచెం సాగదీసి, ఆ ఊపులో అసలు మాట మీదకి జారిపొమ్మనేదాన్ని. బ్రహ్మాండంగా పనిచేసింది. వినేవాళ్ళు "ఎంత మర్యాదస్తుడండీ" అనుకునేవారు. హైదరాబాదులో ఒక సమావేశంలో ఈ పద్ధతి చెబితే చప్పట్లు కొట్టారు. అబ్బో, ఆ రోజు నేను నేలమీద నడవలేదు.

మా విభాగం పెద్ద సోమయాజులుగారు మాత్రం చప్పట్లు కొట్టలేదు. మనిషి ముక్కుసూటి. ఒకరోజు టీ తాగుతూ, "ఏమ్మా, నీ పేషెంట్లకి నత్తి తగ్గుతోందా, దాక్కోవడం వస్తోందా?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఈయనకి ముక్కులో దుర్మాంసం కొయ్యడం తప్ప ఏం తెలుసు అనుకున్నాను. పైకి మాత్రం "చూస్తానండి సార్" అన్నాను. చూడలేదు.

పేరు మార్చేశాను

పరంజ్యోతి నా దగ్గరికి వచ్చేనాటికి డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉంది. కొవ్వూరు అవతల చిన్న ఊరు. తండ్రి ఏసుపాదంగారు లూథరన్ చర్చి బడిలో టీచరు. ఇస్త్రీ చెదరని తెల్లచొక్కా, చేతిలో గొడుగు, మాట మెత్తన. ఆ పిల్ల క్లాసులో ఫస్టు. చర్చిలో పాట అందుకుంటే ఒక్క అక్షరం తొణకదు. పాటలో నత్తి రాదు, అది మనకి తెలిసిందే. మామూలుగా మాట్లాడితేనే గొంతు బిగుసుకుపోయేది.

"ఏం కావాలనుందమ్మా నీకు?" అని అడిగాను.

"టీ... టీచర్ని అవుదామనుందండి. మా నాన్నగారిలాగ" అంది. తండ్రి గొడుగు వంక చూస్తూ కూర్చున్నారు. బి.ఇడి. సీటు వస్తుంది, దానికి మార్కులున్నాయి. ఆ తర్వాత ఉద్యోగం ఎవరిస్తారు అన్నదే ఆయన దిగులు.

నా ఉపాయాలన్నీ నేర్పాను. ఇట్టే పట్టుకుంది. ఒక్కచోటే ఇరుక్కుపోయేది. పెరుగుకి బదులు గట్టి మజ్జిగ ఉంది కానీ, పేరుకి బదులు మాట ఏముంటుంది? "నీ పేరేంటమ్మా" అని ఎవరడిగినా 'ప' దగ్గర పెదాలు రెండూ అతుక్కుపోయేవి. కళ్ళు మూసుకునేది. మెడ నరం ఉబ్బేది. చూడలేకపోయేదాన్ని.

చూడలేకే ఆ సలహా ఇచ్చాను. "ఆశ అని చెప్పుకో. అచ్చుతో మొదలవుతుంది, హాయిగా వస్తుంది. సర్టిఫికెట్లలో ఏమున్నా పిలిచేపేరు ఆశ అను, ఎవరేమంటారు?" అన్నాను.

ఏసుపాదంగారు గొడుగు చేతిలోకి తీసుకున్నారు. "పరంజ్యోతి అన్నది మా అమ్మ పేరండి. బైబిలు వుమన్‌గా చేసిందండి, ఊరూరా నడిచి ఆడవాళ్ళకి వాక్యం చెబుతూ" అన్నారు. తర్వాత, "మీరు చెప్పారు కాబట్టి మంచికేనండి" అని లేచారు.

ఆ పిల్ల "ఆశ అండి" అని గలగలా చెబుతుంటే నేను మురిసిపోయాను. రెండేళ్ళు నేనూ ఆశ అనే పిలిచాను. మీరు ఇంకేం మర్చిపోయినా ఇది గుర్తుపెట్టుకోండి: పేషెంటు బాధ మనం చూడలేకపోవడం వేరు, పేషెంటుకి మంచి జరగడం వేరు. నేను రెండూ ఒకటే అనుకున్నాను.

తువ్వాలు కప్పుకొచ్చినాయన

సినిమావాళ్ళంటే నాకు పెద్ద మోజేం లేదు. మా గోదావరి గట్టుమీద ఏడాది పొడవునా షూటింగులే కదా, ట్రాఫిక్ ఆగిపోతే తిట్టుకోవడమే. కానీ ఒకరోజు మధ్యాహ్నం ఆసుపత్రిలో జనం పలచబడ్డాక, తలమీద తువ్వాలు కప్పుకుని ఒకాయన నా గదిలోకి వచ్చి, తువ్వాలు తీస్తే, చేతిలో పెన్ను కిందపడేసుకున్నాను. సుధీంద్రగారు! తెరమీద పెద్దింటి తండ్రి, పోలీసు అధికారి, పీఠాధిపతి ఎవరు కావాలన్నా ఆయన్నే పెట్టేవారు. డైలాగు చెబితే హాలు అదిరేది.

ఆ మనిషి నా ఎదురుగా కూర్చుని "నాకు న... న... న..." అని ఆగిపోయాడు. నేను టక్కున "నత్తి" అని అందించాను. ఆయన తలూపాడు కానీ మొహం చిన్నబుచ్చుకున్నాడు. అప్పుడు నేనది పట్టించుకోలేదు.

రాసిచ్చిన డైలాగు అయితే ఆయనకి నత్తి రాదు. ఇంకొకడిగా మాట్లాడితే రాదు. తనుగా మాట్లాడితే వస్తుంది. అందుకే ఇంటర్వ్యూలివ్వడు, ఫంక్షన్లకి వెళ్ళినా నమస్కారం పెట్టి కూర్చుంటాడు. పొగరని పత్రికలు రాశాయి. ఇప్పుడేమో తణుకు దగ్గర తను చదివిన హైస్కూలు వాళ్ళు కొత్త భవనం ప్రారంభించమని పిలిచారు. ఆయనకి చదువు చెప్పిన తెలుగు మాస్టారు ఇంకా ఉన్నారట, ఆయనే స్వయంగా వచ్చి అడిగారట. మాట్లాడక తప్పదు. నాలుగు రోజుల టైముంది.

నేను ఉత్సాహంగా మొదలుపెట్టాను. మాట మార్చడం చెప్పాను. అదేనండీ చెప్పాను. గుక్క తిప్పుకోవడం చెప్పాను. ఆయన ఓపికగా అన్నీ విన్నాడు. మూడోరోజు చెప్పాడు, ఆగి ఆగి, చాలాసేపు తీసుకుని: "ఇవన్నీ నాకు వచ్చండి. చి... చిన్నప్పట్నుంచి ఇవే చేస్తున్నాను. చేసీ చేసీ అలిసిపోయి మీ దగ్గరికొచ్చాను. ఇంకేమైనా ఉందా అండీ?"

నా దగ్గర ఇంకేమీ లేదు. ముప్పై ఏళ్ళకి దగ్గరపడుతున్న సర్వీసు, గోడమీద రెండు సర్టిఫికెట్లు, ఇంకేమీ లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

సరిగ్గా అప్పుడే పరంజ్యోతి తలుపు తోసింది. అప్పటికి బి.ఇడి. అయిపోవచ్చింది, వారానికోసారి వచ్చేది. ఎదురుగా ఉన్న మనిషిని చూసి కొయ్యబారిపోయింది. ఆయన నవ్వి, "నీ పేరేంటమ్మా?" అన్నాడు.

"ఆశ అండి."

నేను ఊరుకోవచ్చుగా! పోయిన పరువు కాస్త తిరిగి తెచ్చుకుందామని, "అసలు పేరు పరంజ్యోతి సార్. 'ప' రాదని నేనే ఆశ అని మార్చాను. ఇప్పుడు చూడండి ఎంత బాగా చెబుతోందో" అన్నాను.

ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. కోపం కాదు. జాలి కూడా కాదు. "పే... పేరు కూడా తీసేసుకున్నారా అండీ" అన్నాడు. తర్వాత ఆ పిల్ల వైపు తిరిగి, "నాకు సుధీంద్ర అని ఎందుకు పెట్టుకున్నానో తెలుసా? జా... జాతకం చూపించుకుని అని అందరూ అనుకుంటారు. మా అమ్మానాన్నా పెట్టిన పేరు నాకు పలకదు, అందుకని. ఇరవై ఏళ్ళ కిందట నా పేరు నేను పారేసుకున్నానమ్మా" అన్నాడు. ఆ మాట పూర్తవడానికి ఎంతసేపు పట్టిందో. వెళ్తూ వెళ్తూ, తణుకు ఫంక్షనుకి ఇద్దర్నీ రమ్మన్నాడు.

కామెడీ కాదండి

వెళ్ళాం. షామియానా నిండిపోయి, గోడలమీద కూడా జనం. పిల్లలు, రైతులు, మిల్లులో పనిచేసేవాళ్ళు, సెల్‌ఫోన్లు పైకెత్తిన కుర్రాళ్ళు. ముందు వరసలో చక్రాల కుర్చీలో తెలుగు మాస్టారు. పరంజ్యోతి నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. అరచెయ్యి చెమటతో తడిసిపోయింది, నాదో దానిదో చెప్పలేను.

సుధీంద్రగారు మైకు ముందుకొచ్చారు. కాగితం లేదు. "అందరికీ న... నమస్కారమండి. నా పేరు బు... బు... బు..."

జనం గొల్లున నవ్వారు. ఈలలు, చప్పట్లు! వాళ్ళ తప్పు కాదు. మన సినిమాల్లో నత్తి అంటే నవ్వడానికే కదా పెడతారు. పెద్ద నటుడు సరదాగా కామెడీ చేస్తున్నాడనుకున్నారు. నా వెనక ఒకావిడ "భలే చేస్తున్నాడే" అంది కూడా. జనం నవ్వుతో పాటు ఆయనా నవ్వేసి, కామెడీగానే ఒప్పేసుకుని, రెండు డైలాగులు చెప్పి దిగిపోవచ్చు. ఎవరికీ తెలియదు. నేనైతే అదే చెయ్యమని చెప్పేదాన్ని.

ఆయన నవ్వు ఆగేదాకా నిలబడ్డాడు. ఆగాక, అన్నాడు: "ఇది క... కామెడీ కాదండి. ఇది నా నత్తి. నా పేరు బు... బు... బుల్లబ్బాయండి."

పైకెత్తిన సెల్‌ఫోన్లు కొన్ని కిందికి దిగాయి. తెలుగు మాస్టారు చక్రాల కుర్చీలోంచే గట్టిగా అరిచారు, "నాకు తెలుసురా బుల్లబ్బాయీ! నువ్వు మాట్లాడు, మేం వింటాం!"

పావుగంట మాట్లాడాడు. ఒక్క అదేనండీ లేదు. ఒక్క మాట మార్చలేదు. ఇరుక్కున్న చోట ఇరుక్కుని, వచ్చేదాకా ఉండి, వచ్చాక ముందుకెళ్ళాడు. ఈ బడిలో హాజరు పిలిచినప్పుడు నోరు రాక తనకి రోజూ ఆబ్సెంటు పడేదని చెప్పినప్పుడు కొందరు కళ్ళు తుడుచుకున్నారు. నేను ఏడ్చాను. పరంజ్యోతి ఏడవలేదు. నోరు కొంచెం తెరుచుకుని, కన్నార్పకుండా ఆయన పెదాల వంకే చూస్తూ ఉంది.

తిరుగు బస్సు నిడదవోలు దాటింది. పరంజ్యోతి నా వైపు తిరిగి, "మేడమ్‌గారూ, నా పేరు నాకిచ్చేయండి" అంది.

యాభై దాటాక మళ్ళీ అ ఆలు

అప్పుడు నేను చేసిన పని ఒకటుంది, దానికి మాత్రం నేను గర్వపడతాను. మొహమాటం పక్కనపెట్టి, నాకంటే పాతికేళ్ళు చిన్నవాళ్ళయిన థెరపిస్టులకి ఫోన్లు చేసి అడిగాను, "దాచకుండా మాట్లాడించడం ఎలాగమ్మా, నాకు చెప్పండి" అని. వాళ్ళు పంపినవి చదివాను. నత్తిని బలవంతంగా ఆపకుండా మెత్తగా రానివ్వడం, నాకు నత్తి ఉందని ముందే చెప్పెయ్యడం, ఇరుక్కుంటే కళ్ళు మూసుకోకుండా ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడటం. నేనే కూరగాయల మార్కెట్టుకి వెళ్ళి కావాలని నత్తితో బేరమాడాను. ఎలా ఉంటుందో తెలియాలిగా! వంకాయలమ్మే ఆవిడ "పాపం, నిన్నటిదాకా బానే ఉండేదే" అంది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

సోమయాజులుగారు అప్పటికి రిటైరై ఇంట్లో ఉన్నారు. వెళ్ళి, "సార్, దాక్కోవడమే నేర్పాను" అని ఒప్పుకున్నాను. "ఇప్పటికైనా చూశావు కదా, కాఫీ తాగు" అన్నారు. అంతకంటే దెప్పలేదు, పెద్దమనిషి.

మీకు ఒకమాట. ఊళ్ళో గోడలమీద 'నత్తి పూర్తిగా పోగొట్టబడును' అని రాసుకునేవాళ్ళని చూసి మీరు ఆ దారి పట్టకండి. కొందరికి తగ్గుతుంది, కొందరికి తగ్గదు. తగ్గనివాళ్ళు కూడా మాట్లాడాలి. వాళ్ళకి కావలసిన మనుషులు మీరు. ఇంకోటి, పేషెంటు ఇరుక్కున్నప్పుడు మాట అందించకండి. సుధీంద్రగారు మొదటిరోజు మొహం చిన్నబుచ్చుకున్నది నేను మాట అందించినందుకేనని నాకు ఆలస్యంగా తెలిసింది. సాయం అనుకుని ఎన్నివేలసార్లు చేశానో!

బుల్లబ్బాయిగారికి ఆ తర్వాత వేషాలు తగ్గుతాయన్నారు. ఏమీ తగ్గలేదు. తెరమీద పేరు సుధీంద్ర అనే ఉంచుకున్నారు, మైకు పట్టుకుంటే మాత్రం సొంతపేరే. ఆ ప్రసంగం ఫోన్లలో తిరిగాక నా గది ముందు బెంచీ చాలక వరండాలో చాప వేయించాల్సొచ్చింది. వచ్చిన ప్రతివాడూ "ఆయనలాగ మాట్లాడాలండి" అనేవాడు. వెనకటిలాగ తెలియకుండా ఉండాలని అడిగినవాళ్ళు తగ్గిపోయారు. వెండితెర మీద ఎన్ని వేషాలు వేసినా, ఆ మనిషి జనానికి చేసిన మేలు ఆ పావుగంటే అని నేనంటాను.

నిడదవోలు

నిడదవోలులో ఒక ప్రైవేటు హైస్కూలు వాళ్ళు సైన్సు టీచరు కావాలని పిలిచారు. ముందు ఇంటర్వ్యూ, తర్వాత ఒక డెమో క్లాసు. అంతకుముందు రెండు చోట్ల పరంజ్యోతిని "పిల్లలు వెక్కిరిస్తారమ్మా" అని పంపించేశారు. ఇదీ పోతే ట్యూషన్లు చెప్పుకుంటానంది. ఏసుపాదంగారు చూడలేనని ఇంట్లో ప్రార్థనకి కూర్చున్నారు. నన్ను తోడు రమ్మంది. వరండాలో బెంచీమీద కూర్చున్నాను, కిటికీ తెరిచే ఉంది.

కరస్పాండెంటుగారు పెద్దాయన, దయగల మనిషే. "కూర్చోమ్మా. నీ పేరు?" అన్నారు.

"నాకు నత్తి ఉందండి. పేరు చె... చెప్పడానికి టైము పడుతుంది" అంది. తర్వాత పెదాలు బిగుసుకున్నాయి. "ప... ప..."

"పద్మా? పావనీ?" ఆయన అందించడం మొదలెట్టారు. "ప్రసన్నా? పోనీ రాసివ్వమ్మా, ఫరవాలేదు" అని కాగితం జరిపారు. నాకు లేచి కిటికీలోంచి పేరు చెప్పెయ్యాలనిపించింది. కాళ్ళు లేచాయి కూడా.

పరంజ్యోతి కాగితం మీద చెయ్యి పెట్టి వెనక్కి జరిపింది. "ఆగండి సార్. నా పేరు నే... నేనే చెప్పుకుంటాను" అంది. కళ్ళు మూసుకోలేదు. ఆయన వంకే చూస్తూ, "ప... ప... పరంజ్యోతి" అంది. నేను మళ్ళీ కూర్చున్నాను.

డెమో క్లాసు అదే వరండాలో ఏడో తరగతిలో. నేనూ ఆ గది కిటికీ దగ్గరికి జరిగాను. కిరణజన్య సంయోగక్రియ. వెనకటి నేనైతే "మొక్కలు అన్నం వండుకోవడం" అని చెప్పెయ్యమనేదాన్ని. పరంజ్యోతి ఆ పేరే చెబుతూ 'క' దగ్గర మూడుసార్లు ఇరుక్కుంది. ఎవడో కిసుక్కుమన్నాడు. "నత్తి మొ... మొదటిసారి వింటే నవ్వొస్తుంది. నవ్వేశారా? ఇక పాఠం" అంది. పిల్లలు సర్దుకుని కూర్చున్నారు. గంట కొట్టేసరికి బోర్డునిండా ఆకు బొమ్మ, పిల్లల చేతులన్నీ పైన.

కరస్పాండెంటుగారి గదిలోంచి చాలాసేపటికి బయటికొచ్చింది. మొహం చూస్తే ఏమీ తెలియలేదు. నేను ఆత్రం పట్టలేక ఎదురెళ్ళి, రెండేళ్ళ అలవాటు కదా, "ఏమైందమ్మా ఆశా?" అన్నాను.

అది ఆగిపోయింది. "ప..." అంది. పెదాలు బిగుసుకున్నాయి. ఆ పేరు నా నాలుక చివరే ఉంది. బెల్లు కొట్టారు, పిల్లలు మా పక్కనుంచి పరుగులు తీస్తున్నారు. నేను పళ్ళు బిగబట్టి, దాని కళ్ళలోకి చూస్తూ నిలబడ్డాను.

"ప... పరంజ్యోతి, మేడమ్‌గారూ."

"తప్పయిపోయింది పరంజ్యోతీ. చెప్పు, ఏమన్నారు?"

"సో... సోమవారం నుంచి ర... రమ్మన్నారండి."